చలి పండించిన పులుపు

జర్మనీలోని బ్రెమ్ గ్రామం దగ్గర మోసెల్ నది గుర్రపునాడాలా వంపు తిరుగుతుంది. ఒడ్డునే లేచిన కొండ పేరు కాల్మాంట్. కొన్నిచోట్ల దాని వాలు 65 డిగ్రీలు. ఐరోపాలోకెల్లా నిటారైన ద్రాక్షతోటల్లో ఇదొకటి. కాలిబాటలో అక్కడక్కడా ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి తీగలు. చేతిలో ఏమీ లేకుండా ఎక్కిన నాకే ఊపిరాడలేదు. కోతల కాలంలో ఇదే వాలు మీద పండ్ల బుట్టలతో తిరగాలి. పట్టా మీద పాకే బుల్లిబండి ఉన్నచోట కాస్త ఆసరా. ట్రాక్టర్ మాట మరచిపోవలసిందే.

ఈ తంటాలన్నీ రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష కోసం. 50వ ఉత్తర అక్షాంశం దగ్గర ద్రాక్ష పండటమే గగనం. దక్షిణానికి తిరిగిన వాలు ఎండను నేరుగా అందుకుంటుంది. నేలంతా పరుచుకున్న పలకరాయి పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. నాసిక్‌లో కోతలు ముగిసే ఏప్రిల్‌కు ఇక్కడ మోడులు చిగురిస్తాయి. జూన్‌లో పూత, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో కోత. తాపీగా పండటంతో తీపి చేరుతున్నా పులుపు పోదు. ఆ పులుపే ఈ వైన్‌కు ప్రాణం. తీపి రకాలు సైతం మొహం మొత్తవు. (మొదటి గుక్కకు నాకు గుర్తొచ్చింది చింతచిగురు.)

సాగుదారుల కడగండ్లు కొత్తవి కావు. నదికి ఎగువన ఉన్న ట్రియర్‌లో పుట్టిన కార్ల్ మార్క్స్ 1843లో, 24 ఏళ్ల సంపాదకుడిగా, మోసెల్ రైతుల దుస్థితిపై 'రైనిషె జైటుంగ్' పత్రికలో రాశారు. ఆ ఏడాదే ప్రష్యా ప్రభుత్వం పత్రికను మూయించింది. తనను ఆర్థిక విషయాల వైపు మళ్లించిన వాటిలో ఈ రైతుల గోడు ఒకటని 1859లో ఆయనే చెప్పుకున్నారు. రాజనీతి శాస్త్రం పీజీలో మార్క్స్‌ను బట్టీ పట్టిన మాకు ద్రాక్షతోటల ఊసే చెప్పలేదు.

ఒకప్పుడు దశాబ్దంలో కొన్నేళ్లే పంట చక్కగా పండేది. వాతావరణం వేడెక్కాక పండకపోవడమన్న బెంగ తగ్గింది. అలాగని ధీమా లేదు. చిగురు ముందే వస్తోంది, మంచు మాత్రం మానడం లేదు. 2024 ఏప్రిల్‌లో ఆ మంచే మోసెల్, సార్, రువర్ లోయల్లో లేత చిగుళ్లను మాడ్చేసింది. తీగ మీదే గడ్డకట్టిన పండ్లను మైనస్ 7 డిగ్రీలు, అంతకన్నా తక్కువ చలిలో కోసి పిండితే వచ్చేది ఐస్‌వైన్. 2019 పంటకు జర్మనీలోని 13 వైన్ ప్రాంతాల్లో ఎక్కడా అది దక్కలేదు. అంతకుముందెన్నడూ అలా జరగలేదు.

మనుషుల కొరత మరో దిగులు. పోలండ్, రుమేనియాల నుంచి కూలీలు వస్తేగానీ కోతలు సాగవు. సాగు వదిలేసిన కొన్ని మడులను పొదలు కమ్మేశాయి. కొన్నింట మళ్లీ తీగలు నాటారు. దిగుతుంటే నా బూటు కింది నుంచి ఓ పలక జారి, చప్పుడు చేస్తూ నది వైపు దొర్లిపోయింది. వానకు ఇలా జారిన రాళ్లను పూర్వం బుట్టల్లో మళ్లీ పైకి మోసేవారు.