బావా, జెండాలు కొనకు

హైదరాబాద్,
జూలై మొదటి వారం

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం అందింది. టెక్సాస్‌లో మీ ఊరి పక్కనే ఉన్న క్లబ్బులో చేరి మళ్లీ పాయింట్ టూ టూ రైఫిల్ పట్టుకున్నావని చదివి చాలా సంతోషించాను. ఉద్యోగం, పిల్లల చదువులు, కొత్త దేశం, వీటి మధ్య గురి సంగతి మర్చిపోతావేమోనని నాకు బెంగగా ఉండేది. చెల్లాయికీ పిల్లలకీ నా ఆశీస్సులు చెప్పు.

నువ్వు పంపిన టార్గెట్ కాగితాల ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. రంధ్రాలు ఎలా పడితే అలా చెదిరిపోలేదు. గడియారం ముఖం మీద పది దగ్గర్నుంచి నాలుగు దాకా గీత గీసినట్టు ఏటవాలుగా పరుచుకున్నాయి. అంటే నీ పొజిషన్ బాగుంది, ట్రిగ్గర్ బాగుంది, తూటాలూ బాగున్నాయి. అది గాలి రాసిన గీత. బారెల్ లోపలి గాడులు కుడివైపు మెలి తిరిగి ఉంటాయి కాబట్టి, కుడి నుంచి వీచే గాలి బుల్లెట్‌ను ఎడమకి నెడుతూ కాస్త పైకి లేపుతుంది. ఎడమ నుంచి వీచేది కుడికి నెడుతూ కాస్త కిందికి దించుతుంది. కాబట్టి నీ రైఫిల్‌ని అనుమానించకు, సైట్లు మార్చకు.

గాలిని చూపే జెండాల సెట్టు ఆన్‌లైన్‌లో చూశాననీ, ఖరీదు ఎక్కువైనా కొనేద్దామనుకుంటున్నాననీ రాశావు. కొనకు బావా. ఆ డబ్బుతో ఒకే లాటు నంబరున్న మంచి తూటాలు కొనుక్కో. జెండాలు నీ చేత్తో చెయ్యి. నేను పొదుపు కోసం మాత్రమే చెప్పడం లేదు. ఏ పట్టీ ఎంత గాలికి కదులుతుందో, ఏది ఎంతకి బిగిసిపోతుందో చేసేటప్పుడే తెలుస్తుంది. పెట్టె విప్పి నిలబెట్టినవాడికి అది తెలియడానికి చాలా కాలం పడుతుంది.

ముందు గాలి ఏం చేస్తుందో లెక్క చూడు. మన బుల్లెట్ బరువు 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. మ్యాచ్ తూటా అయితే సెకనుకి 325 మీటర్ల ప్రాంతంలో బయల్దేరుతుంది. 50 మీటర్లు దాటడానికి దానికి సెకనులో ఆరో వంతు కంటే కొంచెం తక్కువ పడుతుంది. వాతావరణమే లేకపోతే ఇంకొంచెం ముందే చేరేది. ఆ తేడా, అంటే దారిలో రాపిడి వల్ల అయిన ఆలస్యం, సెకనులో సుమారు వెయ్యింట అయిదు వంతులు. ఆ ఆలస్యాన్ని అడ్డగాలి వేగంతో హెచ్చవేస్తే బుల్లెట్ పక్కకి జరిగే దూరం వస్తుంది. సెకనుకి ఒక మీటరు గాలికి సుమారు 5 మిల్లీమీటర్లు. చెంపకి తగిలీ తగలనట్టుండే గాలి అది! మన 50 మీటర్ల టార్గెట్ మీద పదో వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, ఆ తర్వాత ఒక్కో వలయం 8 మిల్లీమీటర్ల వెడల్పు. సెకనుకి 3 మీటర్ల గాలి తెరని చూడకుండా ట్రిగ్గర్ నొక్కితే దాదాపు రెండు పాయింట్లు పోయినట్టే. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రోన్ (పడుకుని కాల్చే) ఫైనల్లో మన జాయ్‌దీప్ కర్మాకర్‌కి కాంస్యం 1.9 పాయింట్ల తేడాలో తప్పిపోయింది. ఆయన విషయంలో గాలే కారణమని నేననను. కానీ పతకానికీ నాలుగో స్థానానికీ మధ్య ఎంత కొంచెం తేడా ఉంటుందో చూడు.

ఈ లెక్కలోంచే ఇంకో సంగతి తేలుతుంది. వేగం ఎక్కువైతే గాలి తక్కువ పట్టుకుంటుందని మీ క్లబ్బులో ఎవరైనా హై వెలాసిటీ తూటాలు వాడమంటే వినకు. ధ్వని వేగం దాటి బయల్దేరిన పాయింట్ టూ టూ బుల్లెట్‌కి రాపిడి బాగా ఎక్కువ, అందువల్ల ఆలస్యం ఎక్కువ. అది పక్కకి జరిగేదీ ఎక్కువే. ధ్వని కంటే కింద ఉండే మ్యాచ్ తూటాలే గాలిలో మేలు.

ఇక చేతిపనిలోకి వద్దాం.

మొదటిది పట్టీ జెండా. మీ దగ్గర హార్డ్‌వేర్ షాపుల్లో భూమి సర్వే చేసేవాళ్లు చెట్లకి, మేకులకి కట్టే రంగు ప్లాస్టిక్ టేపు చుట్టలు దొరుకుతాయి. జిగురుండదు, చాలా పల్చన. ముదురు నారింజ రంగుది ఒక చుట్ట తెచ్చుకో. నలభై సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించు. అన్నీ ఒకే చుట్టలోంచి, ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉండాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టుదలగా ఉండు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే రెండు చోట్ల ఒకే గాలి ఉన్నా రెండు రకాల కబుర్లు చెబుతాయి. పట్టీని కర్రకి నేరుగా ముడెయ్యకు, చుట్టుకుపోతుంది. చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కెం ఒకటి మధ్యలో పెట్టు, ఏ దిక్కుకైనా స్వేచ్ఛగా తిరుగుతుంది.

పట్టీ ఏ వస్తువుదన్న దాని మీద కొంచెం ఆగాలి. పాత ఆడియో క్యాసెట్టులోని టేపు వాడేవాళ్లున్నారు. అది ఆకు కదలని గాలికీ లేస్తుంది, అది దాని మంచి. కానీ కాస్త గాలి పెరగ్గానే నిటారుగా బిగుసుకుపోతుంది, ఆ పైన గాలి రెట్టింపైనా దానిలో తేడా కనిపించదు. మందపాటి గుడ్డ ఇందుకు వ్యతిరేకం. గాలి బలపడేదాకా నిద్ర లేవదు, లేచాక మాత్రం గాలి ఎంతుందో వివరంగా చెబుతుంది. అందుకని ఒకే కర్రకి రెండూ కట్టు. పైన తేలిక పట్టీ, దాని కింద బరువు పట్టీ. తేలికది లేచి బరువుది వేలాడుతుంటే ఒక గాలి, బరువుది సగం లేస్తే ఇంకో గాలి. జెండా కర్రతో చేసే కోణాన్ని నాలుగుతో భాగిస్తే గంటకి ఎన్ని మైళ్లో వస్తుందని అమెరికా సైన్యం పాత సూత్రం ఒకటి నీకు అక్కడ వినబడుతుంది. అది వాళ్ల పెద్ద రేంజి జెండాలకి. నీ టేపు ముక్కకి ఆ లెక్క వర్తించదు.

పట్టీకి ఒక లోపం ఉంది. గాలి ఎదురుగా వస్తోందో వెనక నుంచి పోతోందో దూరం నుంచి సరిగ్గా తెలియదు. మనల్ని అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఆ గాలే. గడియారంలో మూడు, తొమ్మిది దిక్కుల నుంచి వచ్చే గాలి పూర్తిగా పనిచేస్తుంది. ఒకటి, అయిదు, ఏడు, పదకొండు నుంచి వచ్చేది సగం పనిచేస్తుంది. నేరుగా పన్నెండు నుంచో ఆరు నుంచో వచ్చేది పక్కకి దాదాపు ఏమీ చెయ్యదు. కానీ పన్నెండు నుంచి వచ్చే గాలి అక్కడే నిలవదు బావా. పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య తోక ఊపుతూ ఉంటుంది. ఒక షాటు ఎడమకి, ఒకటి కుడికి పోతాయి. దాన్ని పట్టుకోవడానికి రెండో రకం కావాలి, దిక్కు చూపే రెక్క.

మీ వీధుల్లో ఎన్నికలప్పుడు ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చే ప్లాస్టిక్ బోర్డులుంటాయి కదా, లోపల గొట్టాలు గొట్టాలుగా ఉండి తేలిగ్గా ఉండేవి. ఎన్నికలయ్యాక పారేస్తారు. ఇంటివాళ్లని అడిగి ఒకటి తెచ్చుకో. మన దగ్గరైతే సన్‌బోర్డు ముక్క సరిపోతుంది. అందులోంచి జానెడు పొడవు త్రికోణం కోసి, మూరకి తక్కువైన సన్నటి చెక్కపుల్ల చివర తోకలా అతికించు. పుల్ల మధ్యలో రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టం నిలువుగా కట్టు. ఆ గొట్టం పై మూతిలోకి కాల్చేసిన పాయింట్ టూ టూ ఖాళీ తొడుగు ఒకటి తలకిందులుగా దూర్చి జిగురు పెట్టు, మూసి ఉన్న కొస పైకి ఉండాలి. ఇప్పుడు సైకిల్ చక్రం పుల్ల ఒకటి కొస నున్నగా అరగదీసి కర్ర మీద నిలువుగా బిగించి, దాని మీద ఈ గొట్టాన్ని టోపీలా తొడుగు. చక్రం పుల్ల కొస ఇత్తడి తొడుగు లోపల ఆనుతుంది. ఊపిరి ఊదితే తిరుగుతుంది. నూనె వెయ్యకు, దుమ్ము పట్టి బిగుస్తుంది.

తర్వాత చెక్కపుల్ల ముందుకొసకి నట్లు, వాషర్లు కట్టి తూకం సరిచెయ్యి. చాలామంది ఈ పని వదిలేస్తారు. తోక బరువుగా ఉండి, కర్ర నేలలో రవ్వంత వాలి నిలబడిందనుకో, గాలి లేనప్పుడు తోక వాలు వైపు జారి అక్కడే నిలుస్తుంది. లేని గాలి ఉన్నట్టు చూపిస్తుంది. తూకం కుదిరిన రెక్కని ఏ దిక్కున వదిలితే ఆ దిక్కునే ఉండాలి. చివరగా రంగు. త్రికోణం ఎడమ ముఖానికి పసుపు, కుడి ముఖానికి ఎరుపు వెయ్యి. ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది కాబట్టి, ఎడమ గాలికి నీకు పసుపు కనిపిస్తుంది, కుడి గాలికి ఎరుపు. రెండూ కనిపించకుండా సన్నటి అంచు మాత్రమే కనిపిస్తే గాలి ఎదురుగానో వెనకగానో ఉంది. పసుపూ ఎరుపూ మారి మారి మెరుస్తుంటే వేలు ట్రిగ్గర్ మీంచి తియ్యి. అది తోక ఊపే గాలి. తోక చివర నారింజ పట్టీ ఒకటి కట్టావంటే వేగం కూడా అక్కడే తెలుస్తుంది.

నీ రేంజికి రెండు చాలు, మూడు ఉంటే ఇంకా మంచిది. ఒకే జెండా అయితే నీకు దగ్గరగా, పది మీటర్ల లోపే పెట్టు. దారి మొదట్లో పక్కకి తప్పిన బుల్లెట్ ఆ తప్పుని మిగతా దూరమంతా మోసుకుపోతుంది. టార్గెట్ ముందు తగిలిన గాలికి తప్పు పెరిగే సమయం ఉండదు. రెండోది ముప్పై మీటర్ల దగ్గర, మూడోది టార్గెట్‌కి కాస్త ముందు పెట్టు. ఎత్తు బుల్లెట్ దారికి కొంచెం కింద ఉండాలి. పడుకుని కాలుస్తావు కాబట్టి పొట్టి కర్రలే చాలు. తల కదపకుండా, గురి చూడని కంటి చివరతో అందేలా ఉండాలి. గాలి వచ్చే వైపుకి కాస్త జరిపి పెడితే తెర నీ దారిలోకి రాకముందే జెండా చెబుతుంది. పక్క లేనువాడి టార్గెట్‌కి మాత్రం అడ్డు రానివ్వకు. కర్రలు చెక్కవో ప్లాస్టిక్ గొట్టాలో అయితే మేలు. బుల్లెట్ దారికి దగ్గరగా లావుపాటి ఇనుప ఊచలు నిలబెట్టకు, తగిలితే ఎటు చిందుతుందో చెప్పలేం. ఫైరింగ్ ఆగిందని రేంజ్ ఆఫీసర్ చెప్పి, అందరి బోల్టులూ తెరిచి ఉన్నాయని చూసుకున్నాకే ముందుకి నడువు. ఇది నీకు తెలుసు, అయినా రాయకుండా ఉండలేను.

గాలి వేగం కొలిచే చిన్న మీటరు కొననా అని కూడా అడిగావు. నా మాట వద్దనే. అది నువ్వున్న చోట గాలి చెబుతుంది, ముప్పై మీటర్ల అవతల సంగతి దానికి తెలియదు. అసలు మనకి అంకె అక్కర్లేదు. కావలసింది ఒకే రకమైన గాలిలో అన్ని షాట్లూ కాల్చడం. మన తాతలు కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు చాట ఎత్తి పట్టుకుని నిలబడేవాళ్లు చూడు. గాలి పడిపోతే చెయ్యి ఆగేది, అనువైన గాలి మళ్లీ తగలగానే గింజ జారేది. నువ్వూ అలాగే ఉండు. సైటర్లు (లెక్కలోకి రాని పరీక్ష షాట్లు) కాల్చే ముందు కాసేపు జెండాలనే చూడు. ఎక్కువసేపు నిలిచే, మళ్లీ మళ్లీ వచ్చే స్థితి ఒకటి ఎంచుకో. దగ్గరి రెక్క పసుపు, పట్టీ సగం లేచింది, దూరపుది వేలాడుతోంది, ఇలా. నోట్‌బుక్కులో బొమ్మ గీసుకో. ఆ స్థితికి సైటు సరిచేసుకుని, అది ఉన్నప్పుడే కాల్చు. మారితే ఆగు. ప్రోన్‌లో 60 షాట్లకి ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 50 నిమిషాల సమయం ఇస్తారు, ఆగడానికి చోటుంది. గాలి పూర్తిగా పడిపోయిన క్షణం మంచిదనిపిస్తుంది కానీ అది ఎక్కువసేపు నిలవదు, దానికోసం సైటు మార్చకు.

ఇక్కడ గచ్చిబౌలి వైపు ఇప్పుడు పడమటి గాలి రోజంతా కొడుతోంది, నైరుతి కాలం కదా. అయితే అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) నిబంధనల ప్రకారం జరిగే పోటీల్లో సొంత జెండాలు పెట్టుకోనివ్వరు. 50 మీటర్ల రేంజిలో వాళ్ల జెండాలే ఉంటాయి, పది మీటర్ల దగ్గరొకటి, ముప్పై దగ్గరొకటి. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 400 పొడవున్న నూలు గుడ్డ. అలాంటప్పుడు మనం చేసుకోవడం దేనికని ఇక్కడ నేను నేర్పే పిల్లలు అడుగుతారు. సాధనలో నాలుగైదు చోట్ల గాలిని చూసి చూసి అలవాటైన కన్నే పోటీ రోజున ఆ రెండు నూలు గుడ్డల్లో ఎక్కువ చదవగలదని వాళ్లకి చెబుతాను. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చాక వాళ్ల కళ్లలో ఆశ చూస్తున్నాను. వాళ్లకి గాలి నేర్పాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ హాల్లో అది దొరకదు.

మీ క్లబ్బులో సొంత జెండాలకి అభ్యంతరం లేదని రాశావు. ఎంత అదృష్టం! టెక్సాస్‌లో దక్షిణపు గాలి ఎక్కువంటారు, చలికాలంలో ఉత్తరం నుంచి ఒక్కసారిగా విరుచుకుపడుతుందంటారు. మీ రేంజి ఏ దిక్కుకి ఉందో, పక్కన చెట్లో మట్టి గట్టో ఉన్నాయో నాకు రాయి. గట్టు పక్కన గాలి సుడి తిరుగుతుంది, దాన్ని బట్టి మూడో జెండా ఎక్కడ పెట్టాలో చెబుతాను. ఈ శనివారం రెండు పట్టీలు, ఒక రెక్క చెయ్యి చాలు. ఆదివారం కాల్చాక టార్గెట్ ఫొటో ఒక్కటే కాదు, జెండాల బొమ్మలు గీసిన నోట్‌బుక్ పేజీ కూడా పంపు. దాన్ని చూస్తే గానీ నీకేం కావాలో నేను చెప్పలేను.

ఇట్లు,
నీ బావ