సున్నపు గీతల దగ్గర బ్రూనో

మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్ల నీడ వదిలి మట్టిదారి పడితే కాసేపట్లోనే ఆ స్థలం వస్తుంది. బయట పేరు బోర్డు లేదు. గేటుకు కట్టిన రేకు మీద మూడే మాటలు: ‘హారన్ కొట్టొద్దు. కుక్కను కారు దించొద్దు. ఫోన్ చేసి లోపలే కూర్చోండి.’ ఒక కుక్క పని ముగించుకుని కారెక్కేదాకా రెండో కుక్క నేల మీద కాలు పెట్టకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. సాటి కుక్క కనబడితే చాలు, మీద పడిపోయే పెంపుడు కుక్కలకు మాత్రమే ఇక్కడ శిక్షణ ఇస్తారు.

నడుపుతున్నది నలభై దాటిన ఒక మహిళా ట్రైనర్. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఈ విషయం మీద రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. మన నగరాల్లో ఇలాంటి కుక్కల కథ తరచూ ఒకే దారిలో నడుస్తుంది. మొదట బెల్టు దెబ్బలు, తర్వాత బాల్కనీలో గొలుసు, చివరికి ఏ అర్ధరాత్రో ఔటర్ రింగు రోడ్డు పక్కన దించేసి కారు తిప్పుకోవడం. అలా దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. వదిలేసినవాళ్లందరూ రాతిగుండె మనుషులేం కాదు. చాలామందికి ఏం చేయాలో చెప్పినవాళ్లు లేరు.

ఎకరం పైచిలుకు స్థలం. చుట్టూ మనిషెత్తు ప్రహరీ, దాని లోపలివైపు ఆకుపచ్చ షేడ్‌నెట్. మధ్యలో చదును చేసిన నేల మీద అయిదేసి మీటర్లకో సున్నపు గీత. నేను వెళ్లిన పొద్దున వంతు బ్రూనోది. నాలుగేళ్ల లాబ్రడార్. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ నుంచి తీసుకొచ్చారు. తెచ్చింది విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య.

“మనుషులంటే ప్రాణమమ్మా వీడికి. మా మనవరాలు చెవులు పట్టుకుని లాగినా కిక్కురుమనడు. కుక్క కనబడిందా, ఇక వీడు వీడు కాదు,” అన్నారావిడ. ఇందులో వింతేమీ లేదని ట్రైనర్ చెప్పారు. సాటి కుక్కల మీద కోపం వేరు, మనుషుల మీద కోపం వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండాలని లేదు.

బ్రూనో కథ అడిగితే కారణం దానంతటదే బయటపడింది. నలభై రోజుల పిల్లగా ఇంటికొచ్చింది. టీకాలు పూర్తయ్యేదాకా గడప దాటించొద్దన్నారెవరో. నాలుగు నెలలు ఫ్లాట్‌లోనే గడిచాయి. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో తెచ్చిన పుస్తకం ఈ సంగతిని స్థిరపరిచింది. ఆ వారాల్లో తల్లినీ తోబుట్టువుల్నీ తప్ప మరో కుక్కను చూడని పిల్లకు, పెద్దయ్యాక ఎదురయ్యే ప్రతి కుక్కా కొత్త ప్రాణే. టీకాలు పడేలోపు నేల మీద వదలకుండా చంకనెత్తుకుని వీధి చూపించి తీసుకురావచ్చని ఆ దంపతులకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో నెలలో వీధి మలుపులో నాలుగు కుక్కలు చుట్టుముట్టి బ్రూనో ఎడమ చెవి చీల్చాయి. ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పట్నుంచి ముందు తానే దూకుతోంది.

ఇక్కడ పేరు రాయించుకోవాలంటే ముందు పశువైద్యుడి రిపోర్టు కావాలి. చెవిలో చీము, పంటి నొప్పి, తుంటి కీళ్ల అరుగుదల, గోమార్ల జ్వరం, వీటిలో ఏది ఉన్నా కుక్క చిరచిరలాడుతుంది. నొప్పితో ఉన్న ప్రాణికి పాఠాలు చెప్పడం అన్యాయమంటారు ట్రైనర్. గర్భనిరోధక ఆపరేషన్ చేయిస్తే సరిపోతుందా అని చాలామంది అడుగుతారట. మగకుక్కల మధ్య కొన్ని తగాదాలు తగ్గొచ్చు గానీ, భయంతో మొరిగే కుక్కకు అది మందు కాదు.

పాఠం మొదలైంది. ఆరో గీత దగ్గర, అంటే ముప్పై మీటర్ల అవతల, షేడ్‌నెట్ చాటు నుంచి ఒక కుర్రాడు లచ్చిమిని నడిపించుకుంటూ వచ్చాడు. లచ్చిమి ముసలి ఊరకుక్క. ఎవరెంత అరిచినా పట్టించుకోదు, మొహం పక్కకు తిప్పుకుని నేల వాసన చూస్తుంది. ఈ స్థలంలో జీతం ఇవ్వాల్సిన మొదటి ఉద్యోగి అదేనంటారు ట్రైనర్.

“బ్రూనో నోరు చూడండి,” అని నాకు చెప్పారు. అప్పటిదాకా నాలుక వేలాడేసి రొప్పుతున్న బ్రూనో, లచ్చిమి కనబడగానే నోరు మూసింది. అంతే తేడా. చెవులు ముందుకొచ్చాయి, బరువు ముందుకాళ్ల మీదికి మారింది, తోక మెల్లగా పైకి లేచింది. తోక ఊపితే సంతోషమనుకుంటాం గానీ, నిటారుగా లేచి బిగుసుకుని ఊగే తోకకు అర్థం వేరు. మొరుగు ఇంకా రాలేదు. ఆ మూసుకున్న నోటికీ మొరుగుకీ మధ్యనున్న రెండు మూడు క్షణాల్లోనే ఇక్కడి పనంతా జరుగుతుంది. ట్రైనర్ “ఎస్” అన్నారు. పెద్దాయన వెంటనే ఉడికించిన కోడిమాంసం ముక్క బ్రూనో మూతి దగ్గర పెట్టారు. బ్రూనో తిని మళ్లీ లచ్చిమి వైపు చూసింది. మళ్లీ “ఎస్”, మళ్లీ ముక్క. లచ్చిమి నెట్ చాటుకి వెళ్లిపోగానే ముక్కలు ఆగిపోయాయి.

ఈ వరుస తప్పకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. ముందు కుక్క కనబడాలి, తర్వాతే మాంసం రావాలి. మనం ముందే సంచీలో చెయ్యి పెట్టామంటే, మాంసం వాసన వచ్చినప్పుడల్లా శత్రువు వస్తున్నాడని కుక్కకు అర్థమవుతుంది. గంట మోగాక తిండి వస్తూ ఉంటే గంట మోతకే లాలాజలం ఊరుతుందని పావ్లోవ్ చూపించిన సంగతే ఇది. ఇక్కడ గంట స్థానంలో లచ్చిమి ఉంది. కుక్కను చూస్తే పుట్టే భయం స్థానంలో ‘నాకేదో దొరుకుతుంది’ అన్న ఎదురుచూపు రావాలి. లెస్లీ మెక్‌డెవిట్ అనే అమెరికన్ ట్రైనర్ 2007 నాటి పుస్తకంలో దీన్ని ఒక ఆటలా రాశారు. మాంసంలో ఉప్పు వేయరు. ఉల్లి అసలే తగలనివ్వరు, అది కుక్కకు విషం.

రెండోసారి లచ్చిమి వచ్చేటప్పుడు కుర్రాడు అటునుంచి కేకేశాడు: “సార్, మీరు ముందుగాల్నే గుంజుతున్నరు. అది లచ్చిమిని సూడకముందే మీ చెయ్యి బిగుసుకుంటున్నది. బ్రూనో ఆ తాడుకెల్లే వార్త తెలుసుకుంటున్నడు.” పెద్దాయన చేతివైపు చూశాను. లీషును మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, పిడికిలి తెల్లబడేలా పట్టుకున్నారు. చుట్టు విప్పించి, రెండు మీటర్ల తాడు అడుగున ఆంగ్ల అక్షరం ‘జె’లా కొంచెం వేలాడేటట్టు పట్టుకోమన్నారు. ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ వేశారు. లాగితే మెడ నలగదు, ఒళ్లు మనవైపు తిరుగుతుంది. సాగే లీషులకు ఇక్కడ ప్రవేశం లేదు.

పెద్దాయన ఒక సందేహం అడిగారు. మునుపటి ట్రైనర్ ముళ్ల కాలరు వేయించి, మొరిగినప్పుడల్లా గట్టిగా గుంజమన్నాడట. ‘ఇంటికి నాయకుడు మీరేనని దానికి తెలియాలి’ అన్నాడట. ఈ నాయకుడి సిద్ధాంతం మన దగ్గర ఇంకా బతికే ఉంది గనక దాని పుట్టుక చెప్పాలి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాల తోడేళ్ల మీద రాసిన పరిశీలన దీనికి మూలం. బంధుత్వం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో పెడితే పెత్తనం కోసం కొట్టుకున్నాయి. ఈ ఆలోచనను 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మీచ్, అడవిలో తోడేళ్లను ఏళ్లకేళ్లు చూశాక 1999లో తానే దిద్దుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే ఒక కుటుంబం, అమ్మా నాన్నా పిల్లలూ. ఆ దిద్దుబాటు మన వీధి చివరి శిక్షకుల దాకా చేరలేదు. అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో ముళ్ల కాలర్లు, షాక్ కాలర్లు వద్దని, బహుమతి పద్ధతే వాడాలని స్పష్టంగా చెప్పింది. కారణం సులువు. ఎదురుగా కుక్క కనబడినప్పుడల్లా మెడలో ముళ్లు గుచ్చుకుంటే, ఆ నొప్పి తెచ్చింది ఆ కుక్కేనని బ్రూనో లెక్కగడుతుంది. పైగా గుర్రుమనడాన్ని కొట్టి మాన్పిస్తే హెచ్చరిక పోయి నేరుగా కాటు మిగులుతుంది.

మధ్యలో ఒకసారి అయిదో గీత దగ్గరికి రాగానే బ్రూనో నిజంగానే దూకింది. రెండు కాళ్ల మీద లేచి, గొంతు పగిలేలా మొరిగింది. ఎవరూ తిట్టలేదు. “పద పద” అంటూ పెద్దాయన గిరుక్కున వెనక్కి తిరిగి చకచకా నడిచారు, బ్రూనో ఆయన వెంట వచ్చేసింది. ఈ వెనక్కి తిరగడాన్ని ఇంట్లో హాల్లోనూ వరండాలోనూ ముందే నేర్పించి తెచ్చారు. ఆ తర్వాత ఆరోజుకి పాఠం ఆపేశారు. ఒక్కసారి ఒంట్లో ఉద్రేకం పెరిగాక దిగడానికి చాలా సమయం పడుతుంది, ఆలోపు ఏదీ బుర్రకెక్కదు. గడ్డిలో చిన్న చిన్న ముక్కలు చల్లి వాసన పట్టి వెతుక్కోమని వదిలేశారు. ముక్కు పనిచేస్తుంటే ఒళ్లు చల్లబడుతుంది.

మైదానంలో ఇదంతా బాగానే ఉంది, మరి మన వీధుల్లో ఎలా? నేను అడగాలనుకున్న అసలు ప్రశ్న ఇది. పరాయి దేశాల పుస్తకాల్లో ఎదురొచ్చే కుక్క లీషుతో ఉంటుంది. మన దగ్గర సందు సందుకో దళం, దానికో హద్దు. ఎండ ముదిరితే తారురోడ్డు పాదాలు కాలుస్తుంది. తెల్లవారుజామున వెళ్దామంటే వీధికుక్కలు హుషారుగా తిరిగే వేళ అదే. చిత్తకార్తె రోజుల్లో సంగతి చెప్పనక్కర్లేదు. ట్రైనర్ దీన్ని దాటవేయలేదు. వీధి పటం గీయమంటారు. ఏ మలుపులో ఎన్ని కుక్కలు, ఏ కారు కింద పడుకుంటాయి, ఏ గేటు దగ్గర అన్నం తింటాయి, అన్నీ కుక్క లేకుండా ఒంటరిగా నడిచి రాసుకోవాలి. జేబులో గుప్పెడు బిస్కెట్లుంచుకుని, మీదికొచ్చేవాటి ముందు నేల మీద చల్లాలి. అవి ఏరుకునేలోపు మనం తప్పుకోవాలి. బటన్ నొక్కితే తెరుచుకునే గొడుగు మధ్యలో అడ్డం పెడితే చాలా కుక్కలు ఆగిపోతాయి. రాళ్లు విసరొద్దు, రేపు మళ్లీ అదే సందులో నడవాలి.

అన్నిటికన్నా నాకు నచ్చిన మాట, రోజూ వీధిలో తిప్పి తీరాలన్న పట్టుదల వదిలేయమనడం. డాబా మీద, సెల్లార్‌లో, ప్రహరీ ఉన్న స్నేహితుల ఖాళీ స్థలంలో తిప్పినా చాలు. పాత తువ్వాలులో తిండి చుట్టి వెతికిస్తే ఇంట్లోనే అలసిపోతుంది. డాగ్ పార్కుకి మాత్రం తీసుకెళ్లొద్దు. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచినలాంటి పార్కులు సాధు కుక్కలకు వరం. బ్రూనోకి అవి పరీక్ష.

షెడ్డు గోడకు మూతిబుట్టలు వేలాడుతున్నాయి. అన్నీ బుట్టలాంటివే. అంగళ్లలో చవగ్గా దొరికే బిగుతు నైలాన్ పట్టీ ఒక్కటి కూడా లేదు. కుక్క చల్లబడేది ముఖ్యంగా రొప్పడంతోనే. నోరు కట్టేస్తే మన ఎండల్లో ప్రాణం మీదికొస్తుంది. బుట్ట అడుగున గడ్డపెరుగు రాసి, కుక్క తానే మూతి లోపల పెట్టేదాకా రోజులకొద్దీ ఓపిక పడతారు. అయితే వీధికుక్కలున్న చోట మూతి కట్టిన కుక్క తనను తాను కాపాడుకోలేదు. కాబట్టి అది లిఫ్టుకీ, పశువుల ఆసుపత్రికీ, ఇలాంటి శిక్షణకీ మాత్రమేనని నా అభిప్రాయం కూడా.

కుర్రాడి కుడి బొటనవేలి మీద లోతైన మచ్చ ఉంది. కొట్టుకుంటున్న రెండు కుక్కల మధ్య చెయ్యి పెట్టిన ఫలితం. “ఎవ్వలు పెట్టొద్దు సార్. మన కుక్కే మనల్ని కరుస్తది, దానికప్పుడు మనం కనవడం,” అన్నాడు. బకెట్‌తో నీళ్లు కుమ్మరించాలి, లేదా మధ్యలోకి చెక్కపలకో కుర్చీయో తోయాలి. ఇద్దరు మనుషులుంటే చెరో కుక్క వెనకకాళ్లూ ఎత్తి పట్టుకుని వెనక్కి లాగాలి. మనిషికి పంటి గాటు పడితే సబ్బుతో, కుళాయి ధార కింద 15 నిమిషాలు కడిగి, ఎవరి కుక్క అయినా సరే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుక్కకు పడ్డ గాటు పైకి చిన్న రంధ్రంలా కనబడుతుంది, లోపల కండ చీలి ఉంటుంది. ఆరోజే చూపించాలి.

ఒకే ఇంట్లో ఉండే రెండు ఆడకుక్కల తగాదా అన్నిటికంటే మొండిదట. గదుల మధ్య గేట్లు, వంతులవారీ తిండి, వేరువేరు నడకలతో ఏళ్లు నెట్టుకొస్తున్న ఇళ్లున్నాయి. కొన్నిసార్లు రెండోదానికి మరో మంచి ఇల్లు వెతకడమే మేలని ఆవిడ నిక్కచ్చిగా చెప్పేస్తారు.

“ఎన్నాళ్లకు మారుతుందమ్మా?” పెద్దాయన అడిగారు. “అంకుల్, వీడు కుక్కలతో కలిసి ఆడుకుంటాడని నేను మాటివ్వను. ఇరవై మీటర్ల దూరంలో కుక్క వెళ్తుంటే చూసి మీవైపు తిరుగుతాడు. అక్కడిదాకా తీసుకురాగలం,” అన్నారావిడ. 15 రోజుల్లో మార్చేస్తామనే ప్రకటనల కంటే ఈ జవాబులోనే నాకు నమ్మకం కుదిరింది. కుక్కను నెలరోజులు వదిలి వెళ్తామంటే ఇక్కడ ఒప్పుకోరు. తాడు పట్టుకునే చెయ్యి కూడా నేర్చుకోవాలి కదా.

ఇది చదివే కుక్కల యజమానులకు ఒక విన్నపం. మీ కుక్క సాధువే కావచ్చు. కానీ ఎదురుగా ఎవరైనా తమ కుక్కతో రోడ్డు దాటి అవతలికి పోతుంటే, కారు చాటుకి తప్పుకుంటుంటే, ‘మాది ఏం చేయదండీ’ అంటూ దగ్గరికి వెళ్లకండి. లీషు కురచగా పట్టుకుని మీ దారిన మీరు వెళ్లండి. ఆ కొద్ది మీటర్ల ఖాళీ కోసమే వాళ్లు నెలల తరబడి కష్టపడుతున్నారు.