తెఱచుకొనని గ్రంథము

కంప్యూటరునందు గ్రంథముండుట వేఱు, దానిని చదువగలుగుట వేఱు. కాగితపు పుస్తకమునకు కన్నులు చాలును. కంప్యూటరు పుస్తకమునకు దాని కట్టుబాటునెఱిగిన సాఫ్టువేరు కూడ కావలయును. పీడీఎఫ్ అను రూపమును అడోబీ సంస్థ 1993వ సంవత్సరమున వెలువరించెను. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. అచ్చుపుటల ఛాయాచిత్రములను చిన్న ఫైలులో నిముడ్చుటకై ఏటీ అండ్ టీ పరిశోధనాలయమువారు 1990 దశకమున డేజావూ అను మఱియొక రూపమును కల్పించిరి. ప్రాత తెలుగు గ్రంథములు ఈ రెండు రూపములందును లభించుచున్నవి.

మా రామగుండమున, సింగరేణి బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి పొందిన యొక వృద్ధుడు చిన్ననాడు చదివిన పుస్తకమును మరల చదువగోరెను. మనుమడు డేజావూ ఫైలును సంపాదించెను గాని, దానిని చూపు సాఫ్టువేరును ఎన్నిమారులు ఎక్కింపబోయినను యంత్రము నిరాకరించుచుండెను. ఒక దుకాణమువారు యంత్రములోని సమస్తమును చెరిపి మొదటినుండి నింపవలెననిరి. బాలుని అక్క పరీక్షకై వ్రాసికొన్న పాఠములన్నియు అందే యుండెను. తొందరపడవలదని చెప్పి మేమా యింటికి పోతిమి.

గనిలో పని మొదలిడుటకు ముందు సర్దారు పైకప్పును తట్టి చూచును, వాయువును పరీక్షించును. మేమును అట్లే వరుసగా చూచితిమి. మొదట యంత్రము చూపిన సందేశమును నిదానముగా చదివితిమి. ఆ సాఫ్టువేరు ఈ యంత్రమునకు తగదని అందుండెను. సిస్టమ్ వివరములు చూడగా, యంత్రముననున్నది 32 బిట్ల విండోస్. బాలుడు తెచ్చినది 64 బిట్ల సాఫ్టువేరు. 64 బిట్ల విండోస్ 32 బిట్ల సాఫ్టువేరును సాధారణముగా నడుపగలదు. 32 బిట్లది 64 బిట్లదానిని నడుపజాలదు. తయారుచేసినవారి వెబ్‌సైటునుండియే 32 బిట్లదానిని తెప్పింపగా వెంటనే ఎక్కెను.

అయినను గ్రంథము తెఱచుకొనలేదు. మఱియొక డేజావూ ఫైలును తెఱచి చూడగా చక్కగా కనబడెను. కావున దోషము సాఫ్టువేరునందు కాదు, ఫైలునందే యున్నదని తెలిసెను. పరిమాణము పోల్చగా, నెట్టు నడుమ తెగుటచే ఫైలు సగమే దిగినట్లు తేలెను. మరల దింపుకొనగా మొదటి పుట కనబడెను. వృద్ధుడు కండ్లద్దములు సవరించుకొని బిగ్గరగా చదువసాగెను. అక్క పాఠములలో నొక్క యక్షరమైనను పోలేదు.

విద్యార్థులారా! యంత్రము మొండికెత్తినప్పుడు సందేశమును చదువుడు. సాఫ్టువేరు యంత్రమునకు తగునా చూడుడు. ఫైలు పూర్తిగా వచ్చినదా కనుగొనుడు. ఒకమారు ఒక్కదానినే మార్చుడు. కారణము తెలియకముందు దేనిని చెరుపకుడు. పిల్లలిట్లు వెదకుచున్నప్పుడు తల్లిదండ్రులు కొంత గడువొసగవలెనని మా మనవి.