నడిచిన గుల్ల

2025 సంక్రాంతి సెలవులకు మా అక్కకొడుకును వెంటబెట్టుకుని అండమాన్ దీవులు చూడబోయాను. వాడికి పదేళ్ళు. విశాఖపట్నంనుంచి ఓడలో వెడదామని వాడు ఒకటే మారాం చేశాడు. కాని సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటడానికి ఓడకు దాదాపు మూడురోజులు పడుతుంది. సెలవులు కాస్తా దారిలోనే అయిపోతాయని నచ్చచెప్పి, విమానం ఎక్కించాను.

మేము దిగిన పోర్టు బ్లెయిరుకు అంతకు కొద్దినెలల ముందే, 2024లో, శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి పాత జైలు చూస్తున్నంతసేపూ మావాడు నోరెత్తలేదు. ఏడు కొమ్మలుగా కట్టిన ఆ జైలుకు ఇప్పుడు మిగిలినవి మూడే. అయితే, పిల్లలూ, నేను మీకు చెప్పబోయేది జైలు సంగతి కాదు. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటె బాగా జ్ఞాపకమున్నది ఒక రాత్రి, ఒక చిన్న గుల్ల.

భోగినాడు మేము స్టీమరు మీద షహీద్ ద్వీపం చేరుకున్నాము. 2018 దాకా దాన్ని నీల్ దీవి అనేవారు. చాలా చిన్న దీవి. అక్కడి వూళ్ళ పేర్లు వింటే మీకు తమాషాగా వుంటుంది: రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణపూర్!

‘‘అందరూ వున్నారు గాని, హనుమంతుడేడీ, మామయ్యా?’’ అన్నాడు మావాడు.

‘‘ఇప్పుడే స్టీమరు దిగాడుగా!’’ అన్నాను.

ఆ రోజు పున్నమి. పున్నమికీ, అమావాస్యకూ సూర్యుడూ, భూమీ, చంద్రుడూ ఇంచుమించు ఒకే వరసలోకి వస్తారు. అందుచేత ఆ రోజుల్లో సముద్రం మామూలుకంటె ఎక్కువగా పొంగుతుంది, మామూలుకంటె ఎక్కువగా వెనక్కు తీస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలవేళ లక్ష్మణపూర్ తీరానికి వెళ్ళేసరికి నీరు ఎంతో దూరం తీసివున్నది. అడుగున వుండే రాళ్ళన్నీ బయటపడ్డాయి. ఆ రాతి గుంటల్లో నిలిచిన నీటిలో వేలెడంత నీలపు చేపలూ, నల్లని సముద్రదోసకాయలూ కనిపించాయి. సముద్రదోసకాయ అంటే కాయ కాదు, అది ప్రాణి! మావాడు ప్రతి గుంట దగ్గరా గొంతుకు కూచుని, లేవనంటే లేవనన్నాడు. నీటి కోతకు తొలిచినట్టయి వంతెనలాగా నిలబడిన పెద్ద రాయి కూడా అక్కడ వున్నది. అందరూ దాన్ని చూడటానికే వస్తారు గాని, నాకు ఆ గుంటలే ఎక్కువ నచ్చాయి.

అయిదుంబావుకల్లా పొద్దుగూకింది. మన దేశపు గడియారాలన్నీ కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖనుబట్టి నడుస్తాయి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పుగా వున్నది. అందుకని అక్కడ సూర్యుడు నలభై నిమిషాలు ముందే వచ్చి, ముందే వెళ్ళిపోతాడు.

రాత్రి భోజనంచేసి పడుకున్నాము. కాసేపటికి చీకట్లో ‘‘టక్, టక్’’ మని చప్పుడయింది. దీపం వేసి చూద్దును గదా, బల్లమీద ఒక నత్తగుల్ల నడుస్తున్నది! మావాడు దుప్పటి ముసుగు పెట్టుకుని కేక పెట్టాడు.

సంగతి నాకు అర్థమయింది. అండమాన్ తీరాలనుంచి గుల్లలూ, పగడాలూ తీసుకుపోగూడదు. అలాగని వాడికి ముందే చెప్పాను. అయినా వాడు తీరాన ఒకటి ఏరి, జేబులో దాచాడు. లోపల ప్రాణి వున్నట్టు వాడికి తెలియదు.

‘‘ఇంకా ఏమన్నా తెచ్చావా?’’ అని కోపంగా అడిగాను.

‘‘లేదు,’’ అన్నాడు వాడు, మొహం కిందికి వేసుకుని.

సముద్రపు ప్రాణి గదా, నీళ్ళు లేక చచ్చిపోతుందేమోనని నేను బకెట్టు నిండా నీళ్ళు పట్టి, గుల్లను అందులో వేయబోయాను. అంతలో కేక విని వచ్చిన వంటతాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన శ్రీకాకుళం వైపునుంచి చిన్నతనంలోనే అక్కడికి వచ్చినవాడు.

‘‘ఆగండి బాబూ! నీళ్ళల్లో ఏస్తే అది సచ్చిపోద్ది!’’ అన్నాడు.

అది సన్యాసి పీత. సముద్రంలో బతికే సన్యాసి పీతలు వేరు, నేలమీద తిరిగేవి వేరు. ఇది రెండో రకం. దాని మొప్పలు తడిగా వుండాలి. అందుకోసం కొంచెం నీరు గుల్లలోనే దాచుకుంటుంది. కాని నీటిలో ముంచివుంచితే ఊపిరాడక చచ్చిపోతుంది. మావాడు చెప్పిన మాట వినలేదని కోప్పడిన నేను, మరి కాస్తయితే దాని ప్రాణం తీసివుందును!

పీత వెనకభాగం మెత్తగా వుంటుంది. అందుకని అది చచ్చిపోయిన నత్తల గుల్లల్లో దూరి కాపురముంటుంది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఇంకా పెద్ద గుల్ల వెతుక్కోవాలి.

‘‘సన్యాసికి ఇంటికోసం ఇంత తాపత్రయమా?’’ అన్నాడు మావాడు. వాడి భయం తీరింది.

తాత టార్చి పట్టుకుని ముందు నడవగా, ముగ్గురమూ తీరానికి వెళ్ళాము. మధ్యాహ్నం మేము తిరిగిన రాళ్ళన్నీ మునిగిపోయాయి. వెన్నెల్లో సముద్రం చెట్లదాకా వచ్చి కొడుతున్నది. అల అందని చోట, మొగలి పొదల కింద, పీతను వదిలాము. అది కాసేపు కదలకుండా వుండి, తరవాత గబగబా ఆకుల్లోకి పోయింది.

అక్కడ ఒక పగిలిన కొబ్బరికాయ చుట్టూ చాలా పీతలు చేరివున్నాయి. వాటిలో ఒక చిన్నది గుల్లకు బదులు సీసా మూతను వీపున మోస్తున్నది. ఎర్రని ప్లాస్టిక్ మూత! సగం ఒళ్ళు బయటికే వున్నది.

మావాడు దానికేసి చాలాసేపు చూశాడు. తరవాత నాకేసి చూడకుండానే, రెండో జేబులోనుంచి ఇంకొక గుల్ల తీశాడు. తెల్లనిది, ఊదాచారలది. అది నిజంగా ఖాళీదే. వాళ్ళ చెల్లెలికోసం దాచాడట. నేనేమీ అనలేదు. వాడు దాన్ని ఆ చిన్నపీతకు జానెడు దూరంలో పెట్టాడు. పీత మూతలోకి ముడుచుకుపోయింది. ఎంతసేపు చూసినా బయటికి రాలేదు. దోమలు పీక్కుతింటుంటే తిరిగి వచ్చేశాము.

పొద్దున్నే మా స్టీమరు. మావాడు నాకంటె ముందు లేచి, పళ్ళయినా తోముకోకుండా తీరానికి పరుగెత్తాడు. నేను వెళ్ళేసరికి పొదల దగ్గర వంగి చూస్తున్నాడు. ఊదాచారల గుల్ల లేదు. ఎర్రమూత మాత్రం ఇసకలో బోర్లాపడి వున్నది.

వాడు మూత తీసి, ఇసక దులిపి, ‘‘ఇది తీసుకుపోవచ్చునా, మామయ్యా?’’ అని అడిగాడు.

తీసుకుపోవచ్చునన్నాను.