రోహిణి కార్తెలో లినక్సు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత మీ అందరికీ తెలిసినదే. 2011 మే నెలాఖరున, మా రాజమండ్రి ఇంట్లో, ఆ సామెతకు నేనొక చిన్న చేర్పు చేసుకున్నాను. రోళ్ళ సంగతేమో గానీ, ఆ కార్తెలో అంకోపరులు మాత్రం తప్పక ఆరిపోతాయి. అంకోపరి అంటే ఒడిలో పెట్టుకునేది, మన లాప్‌టాప్. ఆ వేసవిలో దాన్ని నిజంగానే ఒడిలో పెట్టుకున్నవాడు ఆ పేరు పెట్టిన పెద్దమనిషిని క్షమించడు.

మా తాతగారు కోనసీమలో వ్యవసాయం చేసేవారు. ధాన్యం లెక్కలు రాసే పుస్తకంలోనే ఊరి సంగతులూ రాసుకునేవారు. అందులో 1986 ఆగస్టు గోదావరి వరద నాటి పుటలు నాలుగున్నాయి. అంతా గొలుసుకట్టు రాత. దాన్ని తడుముకోకుండా చదవగలిగినవారు మా నాన్నగారొక్కరే. ఆయన చూపు ఏటేటా మందగిస్తోంది. అందుచేత ఆ సెలవుల్లో ఆయన చదవాలనీ, నేను యూనికోడులో ఎక్కించాలనీ అనుకున్నాం.

అంతకు నెల ముందే నేను విండోస్‌ను సాగనంపి, 2.6.38 కెర్నెల్‌తో వచ్చిన ఒక లినక్సు పంపిణీని ఎంతో ఉత్సాహంగా స్థాపించుకున్నాను. ఇక చూడండి, ఏ పనీ చేయకపోయినా పంకా ఏకధాటిగా రొద పెట్టడమే. మూడవనాటి మధ్యాహ్నం కరెంటు పోయింది. గదిలో నలభై డిగ్రీలు. యంత్రం పరుపు మీద ఉంది. నాన్నగారు పుస్తకం మూసి, అందులో లేని సంగతులు చెప్పసాగారు. ఆ రాత్రి వచ్చిన నాటుపడవ ఎవరిది, దాన్ని ఏ చెట్టుకు కట్టారు, ముందు ఎవరిని ఎక్కించారు... నేను తల ఎత్తకుండా కొడుతున్నాను. ఉన్నట్టుండి తెర నల్లబడింది.

నా ఫైలు పావుగంటకోసారి తనంతట తానే భద్రమయ్యేది. పోయింది ఆఖరి పావుగంటే. పడవ వచ్చింది ఆ పావుగంటలోనే.

మరమ్మతు దుకాణంలో కుర్రవాడు ఒక్క మాటలో తేల్చేశాడు. "లినక్సు తీసేసి విండోస్ వేసుకోండి సార్, వేడి అదే తగ్గుతుంది." అతని మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే నన్ను మరీ బాధించింది.

ఇంటికి వచ్చి చెబితే నాన్నగారు యంత్రం అడుగున చెయ్యి పెట్టి చూశారు. "ఏవిట్రా ఇది, తడిసిన ధాన్యం రాశిలా ఉంది. రాశి పైకి చల్లగానే ఉంటుందిరా, లోపలికి చెయ్యి పెడితే కాలుతుంది. అది ఎండ వేడి కాదు, బయటికి పోలేని వేడి. ముందు తిరగేసి ఆరబొయ్యి" అన్నారు.

ఆరబోశాను. అడుగు మూత విప్పితే, పంకాకూ రాగి గొట్టం చివరి రేకులకూ మధ్య నూగు దట్టంగా పేరుకుని ఉంది. గాలి లోపలికి వచ్చే దారిని పరుపు మూసింది, పోయే దారిని ఈ నూగు మూసింది. పైగా గాలితో చల్లబడే యంత్రం చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఎన్నటికీ ఉండలేదు. గది పాతిక డిగ్రీలున్నప్పుడు ఎనభై దగ్గర నిలిచే చిప్పు, అదే పనికి, గది నలభై అయితే తొంభై అయిదు దాకా పోతుంది. ఆపైన తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. నూగు దులిపి, యంత్రాన్ని చెక్కపీట మీదికి మార్చితే పది డిగ్రీలు దిగింది.

కానీ ఊరకే ఉన్నప్పటి రొద పూర్తిగా పోలేదు. దాని కారణం ఆ జూన్‌లో లోకానికి వెల్లడయింది. ఫొరోనిక్స్ అనే పత్రిక నిర్వాహకుడు మైకేల్ లారాబెల్, 2.6.38 నుంచి లినక్సు ఎక్కువ విద్యుత్తు తాగడానికి మూలాన్ని పట్టుకున్నాడు. లోపలి భాగాలను కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులు పని లేనప్పుడు కునుకు తీసే ఏర్పాటు ఒకటుంది. కొన్ని యంత్రాల బయోస్ ఆ ఏర్పాటును తానే నడిపిస్తూ, పట్టికలో మాత్రం "లేదు" అని రాసిపెట్టేది. కెర్నెల్ ఆ రాతను నమ్మి, కునుకును పూర్తిగా ఆపేసేది. విండోస్ ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసేది. ఆ కిటుకు గ్రహించిన మాథ్యూ గారెట్ లినక్సు చేత కూడా అలాగే చేయించాడు. ఆ సవరణ 2012 మార్చిలో వచ్చిన 3.3 కెర్నెల్‌లో చేరింది. అంతదాకా నా వంటివారు, ఆరంభ ఆజ్ఞలో బలవంతంగా కునుకు వేయించే మాటొకటి చేర్చుకుని కాలం గడిపాం.

దుకాణం కుర్రవాడు వేడి తగ్గే ఉపాయం చెప్పాడు. ఇక్కడ నాకు దొరికింది వేడికి కారణం. ఎవరో ఎక్కడో తప్పు పట్టుకోవడం, ఇంకెవరో దిద్దడం, అదంతా నలుగురి ఎదుటా జరగడం చూశాక, మళ్ళీ విండోస్ వైపు వెళ్ళాలనిపించలేదు. అప్పటినుంచి నేటిదాకా లినక్సే వాడుతున్నాను.

వరద పుటలు నాలుగూ ఆ జూన్‌లోనే పూర్తయ్యాయి. పడవ సంగతి మరోసారి చెప్పమని అడిగాను. "చెప్పాను కదరా, రాసుకున్నావు కదా" అంటూనే చెప్పారు గానీ, ఈసారి రెండు వాక్యాల్లో ముగించారు. చెట్టు పేరు మారింది. పడవవాడి పేరు గుర్తు రాలేదు. మొదటిసారి ఆ పేరు నేను టైపు చేశాను. చేతులకు తెలిసిన పేరే, మనసుకు అందడం లేదు.

ఇప్పుడు నాన్నగారు లేరు. నాటి యంత్రమూ లేదు. ఆ ఫైలు మాత్రం ఎన్నో యంత్రాలు మారి నా దగ్గర భద్రంగా ఉంది. పడవవాడి పేరుండవలసిన చోట చిన్న ఖాళీ వదిలి ఉంచాను. వాక్యం పూర్తయిన ప్రతిసారీ భద్రపరిచే మీట నొక్కడం ఆనాటి నుంచి నాకు అలవాటు. పంకా చప్పుడు లేని యంత్రం మీద కూడా నొక్కుతూనే ఉంటాను.