సర్దుకుపోవడానికీ ఒక లెక్క ఉంది

సముద్రపు అలల నుంచి కరెంటు తీసే బోయ్‌ల మీద పనిచేస్తున్నానని చెబితే చాలామంది మర్యాదగా తలూపి ఊరుకుంటారు. అవి ఇనప డబ్బాల్లా బిగుసుకుని ఉండవనీ, వచ్చే అలను బట్టి ఆకారం మార్చుకుంటాయనీ చెప్పగానే మాత్రం ముఖాలు వెలుగుతాయి. "అయితే అచ్చం ఆడవాళ్లలాగే, సర్దుకుపోతాయన్నమాట!" అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. సెమినార్లలో అన్నారు, పెళ్లిళ్లలో అన్నారు. ఆ మెచ్చుకోలులో ఉన్న సైన్సు తప్పు. ఆ తప్పు సైన్సు దగ్గరే ఆగిపోదు కాబట్టి ఇది రాస్తున్నాను.

బోయ్ అంటే వలకు కట్టే బెండుకు పెద్దక్క అనుకోండి. దాన్ని తాడుతోనో గొలుసుతోనో సముద్రం అడుగుకు కట్టి ఉంచుతారు. అల వస్తే లేస్తుంది, పోతే దిగుతుంది. ఆ కదలికకు ఒక జనరేటర్ అడ్డుపడుతుంది. కరెంటు పుట్టేది ఆ అడ్డు దగ్గరే. జనరేటర్ ఏమాత్రం అడ్డుపడకపోతే బోయ్ అలతో పాటు హాయిగా ఊగుతుంది, కరెంటు మాత్రం సున్నా. జనరేటర్ని పూర్తిగా బిగించేస్తే బోయ్ కదలదు, అప్పుడూ సున్నాయే. ఈ రెండు సున్నాల మధ్య ఎంత కదలాలో, ఎంత ఎదురు నిలవాలో తేల్చుకోవడమే మా పనంతా.

నార్వేలో యోహానెస్ ఫాల్నెస్, షెల్ బుదాల్ అనే శాస్త్రవేత్తలు 1970లలో ఈ విషయం మీద చాలా పనిచేశారు. అలలోని శక్తిని తీసుకోవాలంటే బోయ్ తాను కూడా ఒక అలను పుట్టించాలి. వచ్చే అలకు ఎదురై, దాన్ని కొంతైనా చెరిపేసే అల అది. తనదంటూ ఒక అలను పుట్టించలేని వస్తువు సముద్రం నుంచి ఏమీ తీసుకోలేదు. మన ఇళ్లలో వాడే 'సర్దుకుపోవడం' అనే మాటలో ఈ సంగతికి చోటెక్కడుంది?

మరి ఆకారం మారడం ఎందుకు? గట్టి బోయ్‌కి ఒక సొంత లయ ఉంటుంది. దానికి సరిపడే అలలొచ్చినప్పుడే బాగా పనిచేస్తుంది. సముద్రం ఆ లయను పట్టించుకోదు. ఒకరోజు ఆరు సెకన్లకో అల, ఇంకోరోజు పన్నెండు సెకన్లకో అల. లయ కలవనప్పుడు బోయ్‌ని మోటారుతో నెట్టాలి, అందుకు పుట్టిన కరెంటులో కొంత వెనక్కి ఖర్చు పెట్టాలి. పెంకు మెత్తగా ఉండి లోపల గాలి గదులుంటే ఆ గాలే స్ప్రింగులా పనిచేసి ఆ ఖర్చు తగ్గించగలదు. అమెరికాలో ఒసామా అబ్దెల్‌ఖాలిక్ బృందం లెక్కలు ఈ దారిలోనివే. ఆ దేశపు జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో 2010లలో ఇంకో పద్ధతి ఆలోచించారు. అలలకు తలుపులా ఊగే పలకకు కిటికీ రెక్కల్లాంటివి అమర్చారు. మామూలు అలలకు వాటిని మూసి శక్తిని పట్టుకోవచ్చు, పెద్ద అలలకు తెరిచి నీటిని పోనివ్వచ్చు. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అక్కడ అల నిర్ణయించదు. తుఫాను మీదికొచ్చినప్పుడు దారివ్వడం లొంగిపోవడం కాదు, మర్నాడు పని చేయడానికి మిగిలి ఉండడం.

ఇంకో లెక్క కూడా ఉంది. పది సెకన్లకు ఒక అల చొప్పున బోయ్ ఏడాదికి 31 లక్షల సార్లు వంగుతుంది. లోహమైనా రబ్బరైనా ఒక పెద్ద దెబ్బను తట్టుకోవచ్చు. కానీ అంతకన్నా ఎంతో చిన్న దెబ్బ లక్షల సార్లు పడితే, కంటికి కనపడని పగులొకటి మొదలై మెల్లగా పెరుగుతుంది. చివరికి ఒక మామూలు రోజున, మామూలు అలకు, తెగిపోతుంది. దీన్ని మా పుస్తకాల్లో ఫెటీగ్ అంటారు, అలసట. మా పెద్దమ్మ ముప్పై ఏళ్ల కాపురం తర్వాత, పప్పులో ఉప్పు చాలలేదన్న మాటకు బట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. "ఇంత చిన్నదానికా?" అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆ ముప్పై ఏళ్లలో ఆమె ఎన్నిసార్లు వంగిందో ఎవరూ లెక్కపెట్టలేదు. బోయ్‌ని నీళ్లలోకి దింపకముందే అది ఎన్ని వంపులకు ఓర్చుకుంటుందో లెక్కకట్టి, ఎప్పుడు పైకి తీసి చూడాలో, ఎప్పుడు మార్చాలో రాసుకుంటాం. యంత్రానికి చూపించే ఈ పాటి బాధ్యతను మనుషులకు చూపించడం మాత్రం అతి అనిపించుకుంటుంది.

ఈ రంగం చరిత్రలో మా వాళ్లు నవ్వుతూ చెప్పుకునే కథ ఒకటుంది. 1973 చమురు సంక్షోభం నాటి మాట. ఎడిన్‌బరోలో స్టీఫెన్ సాల్టర్ అనే ఇంజనీరు ఫ్లూతో మంచమెక్కాడు. అలా దిగాలుగా పడుకోకుండా ఇంధన సమస్య సంగతేదో చూడమని భార్య గదిమిందట. తనకేం కావాలో కూడా వరసగా చెప్పింది. శక్తి పెద్ద మొత్తంలో రావాలి, శుభ్రంగా, ప్రమాదం లేకుండా ఉండాలి, స్కాట్లండ్ చలికాలంలో పనిచేయాలి, ఎప్పటికీ తరగకూడదు. సాల్టర్ అలల వైపు తిరిగాడు. 1974లో 'నేచర్' పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది, 'సాల్టర్ డక్' ప్రసిద్ధి కెక్కింది. ఈ కథలో ఆమె గయ్యాళి భార్యగానే మిగిలింది. ఆమె పేరు మార్గరెట్ డొనాల్డ్‌సన్. పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త. 1978లో వచ్చిన 'చిల్డ్రన్స్ మైండ్స్'లో, పిల్లలు తప్పు జవాబు చెప్పారనే ముందు మనం వేసిన ప్రశ్న వాళ్లకు అర్థవంతంగా ఉందా అని చూడాలంటూ పియాజే ప్రయోగాలనే ప్రశ్నించింది. ప్రశ్న సరిగా వేయడం ఆమె వృత్తి. మా భాషలో ఆమె చేసింది డిజైన్ లక్ష్యాలు రాయడం. లక్ష్యం అంత స్పష్టంగా చెప్పడం ఇంజనీరుకు మంచిదేనని సాల్టరే తర్వాత ఒప్పుకున్నాడు.

మన దేశంలో ఈ ప్రయత్నాలు ఇంకా చిన్నవే. కేరళలోని విళింజంలో 1991లో మొదలైన 150 కిలోవాట్ల అలల విద్యుత్ కేంద్రాన్ని 2011లో మూసేశారు. 2022లో ఐఐటీ మద్రాసు వాళ్లు తూత్తుకుడి దగ్గర సముద్రంలోకి దింపిన 'సింధుజ-1' సామర్థ్యం 100 వాట్లు, అంటే ఒక పాతకాలపు బల్బుకు సరిపోయేంత. కానీ చిన్నగా ఉన్నప్పుడే అడగాల్సిన ప్రశ్నలుంటాయి. రేపు మన తీరంలో ఇలాంటి బోయ్‌లు వరసగా వెలిస్తే వాటి తాళ్ల మధ్య వల వేయనిస్తారా? ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? తెల్లవారుజామున రేవులో చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మకానికి బయల్దేరే ఆడవాళ్లకు అందులోంచి ఒక దీపమైనా, చేప చెడకుండా కాసింత ఐసైనా దక్కుతుందా?

బోయ్ ఎంత మెత్తగా ఉండాలో లెక్కగట్టడం నేర్చుకున్నాం. ఏం కావాలో చెప్పే ఆ జాబితా రాసేటప్పుడు ఈ ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టకపోతే, అలలకు మనం కనిపెట్టిన నేర్పంతా నేర్పుగానే ఉంటుంది, వాళ్లను మాత్రం మళ్లీ సర్దుకుపొమ్మంటాం.