నల్లమల దారిలో ఒక పసుపు దీపం

నంద్యాల నుంచి గిద్దలూరుకు నల్లమల గుండా సాగే దారి సుమారు 60 కిలోమీటర్లు. గాజులపల్లె దాటిన కొంతసేపటికి పొలాలు వెనుకబడతాయి. పచ్చర్ల మీదుగా దిగువమెట్ట వరకు ఇరుపక్కలా టేకు, వెదురు, నల్లమద్ది. మీటర్ గేజి రోజుల్లో ఈ అడవిలోనే రైలు దొరబావి లోయను ఎత్తైన వంతెన మీద దాటేది. మా నాన్నగారి ఒడిలో కూర్చుని ఆ లోయలోకి తొంగిచూసినప్పటి భయం నాకింకా గుర్తే. ఎన్నిసార్లు వెళ్ళినా తనివి తీరని దారి అది. కానీ మొన్నటి డిసెంబరులో అడవి నా కంటికి ఆనలేదు. స్టీరింగు వెనుక వెలిగిన పసుపు దీపాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు అస్ర్ నమాజు తర్వాత గుంటూరులో మా చెల్లెలి కుమార్తె నికాహ్. తండ్రి లేని పిల్ల. వధువు సమ్మతిని అడిగి తెలుసుకుని సభకు విన్నవించే వకీలు బాధ్యత నాకు అప్పగించారు. ఫజ్ర్ కాగానే మా అమ్మగారు, నా భార్య, నేను కారెక్కాము. మా పెద్దబ్బాయి నడుపుతున్నాడు.

పచ్చర్ల దాటాక ఎత్తు ఎక్కేచోట బండి వణకసాగింది. పికప్ పడిపోయింది. ఇంజన్ బొమ్మ ఉన్న దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. అబ్బాయి కాలు తేలిక చేస్తే నిలకడగా వెలిగేది, ఎత్తు రాగానే మళ్ళీ మినుకుమనేది. ఫోనుకు సిగ్నల్ లేదు. వృద్ధురాలైన తల్లితో అడవిలో ఆగడానికి మనసొప్పక మెల్లగా దిగువమెట్టకు దిగి, ఎనిమిదిన్నరకు గిద్దలూరు చేరాము.

అంతకంటే కష్టమైన సంగతి ఒకటి ఉంది. ఆ దీపం నాకు కొత్త కాదు. రెండు వారాల క్రితమే మా ఊళ్ళో వెలిగింది. ఒక షెడ్డులో స్కానరు తగిలించి 300 రూపాయలకు ఆర్పేశారు. నాలుగు రోజులు వెలగలేదు. ఆ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బండి సన్నగా కంపిస్తుంటే, పెళ్ళి ఖర్చుల నడుమ నాకు అది తెలియనట్లే ఉండిపోయాను. అబ్బాయి రెండుసార్లు చెప్పాడు కూడా.

గిద్దలూరు మెకానిక్ నా ఈడువాడే. వెంటనే పనిముట్లు తీయలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. చల్లగా ఉన్నప్పుడు వణుకుతుందా, వేడెక్కాకనా? ఎత్తులోనా, సాఫు రోడ్డు మీదనా? ఈమధ్య ఎవరైనా చెయ్యి పెట్టారా? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు సులువు కాలేదు.

"సాయిబుగారూ, ఆ లైటు నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకోమని. ఆరుతూ వెలుగుతుంటే బండి ఆపమని" అన్నాడు. మండని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి అక్కడ మండుతుందట. తేనెపట్టులాంటి ఆ పింగాణీ గూడు వేడికి కరిగిపోతే, దాని ఖర్చు ముందు ఈ రిపేరు లెక్కలోకి రాదు.

స్కానరులో పి0302 అని వచ్చింది. రెండో సిలిండరులో నిప్పు సరిగా అంటుకోవడం లేదని అర్థం. "ఎక్కడో చెప్పింది, ఎందుకో మనమే చూడాలి" అన్నాడు. ఇంజన్ చల్లారడానికి అరగంట పట్టింది. అమ్మగారు బెంచీ మీద తస్బీహ్ తిప్పుతున్నారు. అంతలో గుంటూరు నుంచి ఫోను. "మామూ, ఎక్కడి దాకా వచ్చారు?" పెళ్ళికూతురే. దారిలోనే ఉన్నామని చెప్పాను. అది అబద్ధం కాకపోయినా గొంతు తడబడింది.

అతడు రెండో ఇగ్నిషన్ కాయిలు తీసి నాలుగోదాని స్థానంలో, నాలుగోదాన్ని రెండోచోట పెట్టాడు. స్కానరుతో దీపం ఆర్పాడు. ఇతడూ ఆర్పుతున్నాడేమిటని నా ముఖం చూసి గ్రహించినట్టున్నాడు. "మళ్ళీ ఏ నంబరు వెలుగుతుందో చూడ్డానికి" అన్నాడు. దిగువమెట్ట వైపు మూడు కిలోమీటర్లు నడిపి తెచ్చేసరికి పి0304 వచ్చింది. జబ్బు కాయిలుతోపాటే చోటు మారింది. సిలిండరులో లోపముంటే రెండోచోటే ఉండిపోయేది.

నేను లేచి నిలబడ్డాను. అతడు కూర్చోమన్నాడు. రెండో ప్లగ్గు గుంతలో వేలు పెట్టి చూపించాడు: నూనె. ఇంజన్ పైమూత కింది ప్యాకింగు గట్టిపడి, అక్కడి నుంచి ఊరిన నూనె కాయిలు రబ్బరును మెత్తబరిచి చీల్చింది. ప్లగ్గు కొన నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. మిగతా మూడూ లేత గోధుమరంగులో ఉన్నాయి. కాయిలు ఒక్కటే మారిస్తే కొన్నాళ్ళకు ఇదీ పోతుంది. ప్యాకింగు తెప్పించి వేయాలంటే సాయంత్రమవుతుంది.

వాచీ చూసుకున్నాను. పదిన్నర. గుంటూరు ఇంకా 200 కిలోమీటర్ల దూరం.

అతడు గుంత శుభ్రంగా తుడిచి కొత్త కాయిలు, కొత్త ప్లగ్గు వేశాడు. సామానుకు 2,380, కూలికి 400. ప్యాకింగు సంగతి బిల్లు వెనుక తెలుగులో రాసి అబ్బాయి చేతికిచ్చాడు, నాకు కాదు. ఆ తేడా నేను గమనించాను, తగిన పనే చేశాడు.

కంభం వైపు సాగుతుంటే ఇంజన్ చప్పుడు వినబడనంత మెత్తగా ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ చెరువు గురించి అమ్మగారు ఏదో అడిగారు. నా చెవి ఇంకా ఇంజను మీదే ఉంది. వినుకొండలో జుహర్ చేసుకుని, మూడు గంటల యాభై నిమిషాలకు పెళ్ళివారి వాకిట్లో దిగాము. పిల్లను సమ్మతి అడిగినప్పుడు నా చేతులకు ఇంకా గ్రీజు వాసన ఉంది.

వలీమా మరునాడు గుంటూరులోనే ప్యాకింగు వేయించాను. తిరుగు ప్రయాణంలో పెళ్ళి మిఠాయి పెట్టెతో గిద్దలూరులో ఆగాము. అతడు పెట్టె పక్కన పెట్టి, ముందు బానెట్ ఎత్తమన్నాడు. రెండో కాయిలు పైకి లాగి గుంతలో వేలు తిప్పి నాకు చూపించాడు. పొడిగా ఉంది. అప్పుడు చేతులు కడుక్కుని మిఠాయి పెట్టె విప్పాడు.